వాచీ మన చేతికి, తెర వాళ్ల ముందు

(ఒక స్టడీ సర్కిల్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహక మిత్రులు నాకిచ్చిన అంశం 'వేరబుల్ టెక్నాలజీలో కొత్త ధోరణులు'. తెలుగులో ఒంటికి పెట్టుకునే యంత్రాలు అనుకుందాం. స్మార్ట్‌వాచీ, ఫిట్‌నెస్ బ్యాండు, వేలికి పెట్టుకునే స్మార్ట్ రింగు, ఇయర్‌బడ్స్, కెమెరా ఉన్న కళ్లజోడు, షుగర్ చూసుకోవడానికి జబ్బకు అంటించుకునే బిళ్ల, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఏ వాచీలో ఏ ఫీచరు ఉంది, ఏది కొంటే మంచిది అని చెప్పడానికి యూట్యూబ్‌లో బోలెడంత మంది ఉన్నారు. నేను పారిశుద్ధ్య కార్మికుల పని మీద, ఆ పనిలోకి వస్తున్న నిఘా పరికరాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా అమ్మ ఇప్పటికీ ఒక మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ కింద రోడ్లు ఊడుస్తోంది. అందుకని ఈ యంత్రాల గురించి నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. దాన్ని చేతికి కట్టింది ఎవరు? అది పంపే సమాచారాన్ని చూస్తున్నది ఎవరు?

ముందు బజారు సంగతి చూద్దాం. మార్కెట్ లెక్కలు తీసే ఐడీసీ సంస్థ ప్రకారం మన దేశంలో 2022లో దాదాపు 10 కోట్ల వేరబుల్స్ మార్కెట్‌లోకి వచ్చాయి. 2023లో 13.4 కోట్లు. 2024లో 11.9 కోట్లకు తగ్గాయి. ఏడాది మొత్తం మీద తగ్గడం అదే మొదటిసారి. వీటిలో ఎక్కువ భాగం ఇయర్‌బడ్సే. వాచీల విషయానికొస్తే, ఒకప్పుడు వేలకు వేలు పోస్తే గానీ రాని వస్తువు ఇప్పుడు పదిహేను వందలకూ దొరుకుతోంది. హాస్టల్లో మన పిల్లల చేతులకు కూడా కనిపిస్తోంది. సంతోషమే.

లోపల ఉండేది మాయాజాలం ఏమీ కాదు. కదలికను పట్టే యాక్సిలరోమీటరు అడుగులు లెక్కపెడుతుంది. వాచీ అడుగున వెలిగే పచ్చ లైటు, చర్మం కింద రక్తం పోటెత్తే తీరును బట్టి గుండె వేగం చెబుతుంది. జీపీఎస్ మనం ఎక్కడున్నామో చెబుతుంది. సిమ్ కార్డు కూడా ఉంటే ఈ వివరాలన్నీ ఎక్కడో ఉన్న సర్వరుకు పోతాయి.

ధోరణుల మాటకొస్తే మూడు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒకటి, అలంకారంగా మొదలైన వాచీ ఆరోగ్య పరికరం అవుతోంది. నిద్ర, గుండె, ఆక్సిజన్, షుగర్ అన్నీ కొలుస్తామంటోంది. రెండు, యంత్రం మణికట్టు దాటి ఒంట్లో మిగతా చోట్లకు పాకుతోంది. శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ రింగ్ తెచ్చింది. బెంగళూరు కంపెనీ అల్ట్రాహ్యూమన్ కూడా రింగులు అమ్ముతోంది. మూడు, కళ్లజోడుకు కెమెరా వచ్చింది. మెటా, రే-బాన్ కలిసి తెచ్చిన స్మార్ట్ కళ్లజోడు 2025 మేలో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అంతకు ముందే, 2024లో, హార్వర్డ్‌లో చదివే ఇద్దరు విద్యార్థులు అటువంటి కళ్లజోడును ముఖాలు వెతికే వెబ్‌సైట్లతో కలిపి, దారిన పోయే మనిషి పేరు, చిరునామా క్షణాల్లో తీయొచ్చని చేసి చూపించారు. మన దేశంలో పేరు తెలిశాక తర్వాతి ప్రశ్న ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు అడుగుతారు. అద్దె ఇల్లు వెతుక్కున్న ప్రతి ఒక్కరికీ ఆ అనుభవం ఉంది.

నాలుగో ధోరణి ఒకటుంది. దానికి ప్రకటనలు రావు, రివ్యూలు రావు. పనిచేయించుకునేవాడు పనిచేసేవాడి ఒంటికి యంత్రం తొడగడం. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

అమెజాన్ సంస్థకు 2018 జనవరిలో అమెరికాలో రెండు పేటెంట్లు వచ్చాయి. గోదాములో సరుకు తీసే మనిషి చెయ్యి ఏ అర వైపు పోతోందో కనిపెట్టి, అవసరమైతే వణికి చెప్పే చేతిపట్టీ గురించి అవి. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. పేటెంటు రావడమంటే వాడకంలోకి రావడం కాదు, నిజమే. కానీ మన దేశంలో మాత్రం వేలాది మంది చేతులకు నిజంగానే కట్టారు. నాగ్‌పూర్, చండీగఢ్, పంచకుల, నవీ ముంబై వంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులకు జీపీఎస్ వాచీలు ఇచ్చారు. దాని మీద గగ్గోలు ఎంత లేచిందో మీకు తెలుసు. వాచీ కట్టినవాళ్లలో ఎక్కువ మంది దళితులు.

నాగ్‌పూర్ అంటే మనకు దీక్షాభూమి. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్న నేల. ఆ ఊళ్లో పొద్దున్నే చీపురు పట్టుకుని బయలుదేరే మనిషి చేతికి వాచీ కట్టారు. అది అతనికి సమయం చెప్పడం కోసం కట్టింది కాదు.

చండీగఢ్‌లో 2020లో దాదాపు 4 వేల మంది దాకా కార్మికులకు ఇలాంటి వాచీలు ఇచ్చారు. ఆ ఏర్పాటు పేరు 'హ్యూమన్ ఎఫిషియెన్సీ ట్రాకింగ్ సిస్టమ్'. మనిషి ఎంత పని చేస్తున్నాడో వెంటపడి చూసే వ్యవస్థ అన్నమాట. ఒక్కో కార్మికుడికి ఒక హద్దు గీస్తారు. వాచీ ఆ హద్దులో ఉందా లేదా అని కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు చూస్తారు. వాళ్ల తెర మీద ఒక్కో మనిషి ఒక్కో చుక్క. చుక్క హద్దు దాటితే, ఆగిపోతే, ఆరిపోతే లెక్క తేడా వస్తుంది. లెక్క తేడా వస్తే జీతానికి ఎసరు వస్తుంది. కార్మికులు రోడ్డెక్కి నిరసన తెలిపారు. పంచకులలో వాచీకి మైకు, కెమెరా కూడా ఉండేవి. మరుగుదొడ్డికి పోయినప్పుడు కూడా ఎవరైనా చూస్తున్నారేమో, వింటున్నారేమో అని మహిళా కార్మికులు భయపడిన సంగతి పత్రికల్లో వచ్చింది. అధికారులు అలాంటిదేమీ లేదన్నారు. కానీ చేతికి కట్టిన కెమెరా ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలుసుకునే దారి కట్టుకున్న మనిషికి లేనప్పుడు, ఆ మాటతో భయం ఎలా పోతుంది?

ఇంకో సంగతి. జీపీఎస్ అంటే దేవుడి కన్ను కాదు. ఆకాశంలో ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు అందితేనే అది పనిచేస్తుంది. ఎత్తైన భవనాల మధ్య సందుల్లో, దట్టమైన చెట్ల కింద ఆ సంకేతం తప్పుదారి పడుతుంది. మనిషి ఈ వీధిలో ఉంటే చుక్క పక్క వీధిలో కనిపిస్తుంది. ఇక కార్మికుడు ఊడ్చేది ఎక్కడ? సందుల్లో, చెట్ల కిందే కదా. యంత్రం పొరపాటు చేస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం మనిషి.

మే నెలలో మన విజయవాడలోనో, కరీంనగర్‌లోనో ఎండ సంగతి మీకు తెలుసు. పదకొండు గంటలకు ఒక అక్క చీపురు పక్కన పెట్టి వేపచెట్టు కింద పది నిమిషాలు కూర్చుంటుంది. పైసలు పెట్టి కొనుక్కున్న వాచీ అయితే ఆ పది నిమిషాలను విశ్రాంతి అని రాస్తుంది. గుండె వేగం తగ్గింది, మంచిది, నీళ్లు తాగండి అని చెబుతుంది. పైవాళ్లు కట్టిన వాచీ అదే పది నిమిషాలను పని ఎగ్గొట్టడం అని రాస్తుంది. రెండింటిలో ఉండే సెన్సర్లలో పెద్ద తేడా లేదు. చదివేవాడు వేరు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న అడుగుదాం. అదే కార్పొరేషన్‌లో కమిషనర్ ఉంటాడు, ఇంజినీర్లు ఉంటారు, గుమాస్తాలు ఉంటారు. వాళ్లకు మహా అయితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలిముద్ర. మధ్యలో టీ తాగడానికి పోయాడా, బ్యాంకు పని చూసుకోవడానికి పోయాడా అని ఏ ఉపగ్రహమూ చూడదు. పని జరుగుతోందో లేదో తెలియాలి అన్నదే కారణమైతే ఫైలు కదలని బల్లకు కూడా ఒక చుక్క పెట్టాలి కదా. పెట్టరు. ఎందుకంటే పని మీద అనుమానం ఉన్న చోట వాచీ రాలేదు. మనిషి మీద అనుమానం ఉన్న చోటికే వచ్చింది. ఆ అనుమానానికి కులం ఉంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలు కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్క ప్రకారం 38 వేల మందిలో 91.9 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఎస్సీలే 68.9 శాతం. 2019లో కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు, దేశమంతా టీవీల్లో చూసింది. ఆ మరుసటి ఏడాదే చండీగఢ్‌లో చేతులకు వాచీలు కట్టారు. కాళ్లు కడిగేటప్పుడు గానీ, చేతికి వాచీ కట్టేటప్పుడు గానీ, మీకేం కావాలి అని వాళ్లను అడిగినట్టు నేను ఎక్కడా చదవలేదు.

ఒంటికి ఏదో ఒకటి తొడగడం మనకు కొత్త కాదు. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ పీష్వాల రాజ్యం సంగతి చెబుతారు. అంటరానివాడు మణికట్టుకో మెడకో నల్లదారం కట్టుకోవాలి, పొరపాటున కూడా సవర్ణుడు తాకకుండా గుర్తుపట్టడానికి. పూనాలో అయితే తన అడుగులు పడిన దుమ్మును ఊడ్చేయడానికి నడుముకు చీపురు కట్టుకోవాలి. ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత వేలాడదీసుకోవాలి. అవన్నీ ఒంటికి తొడిగినవే. తొడుక్కున్నవాడి మేలు కోసం ఒక్కటీ లేదు.

నల్లదారం, జీపీఎస్ వాచీ ఒకటే అని నేను అనడం లేదు. ఆ దారాన్ని కట్టించింది కుల ధర్మం. ఈ వాచీని కట్టించింది టెండరు. మనకిప్పుడు రాజ్యాంగం ఉంది, కోర్టులు ఉన్నాయి, సంఘం పెట్టుకునే హక్కు ఉంది. అయినా మూడు పోలికలు నన్ను వదలడం లేదు. కట్టించుకున్న మనిషిని ఎవరూ అడగలేదు. అది ఏం చెబుతోందో అతనికి తెలియదు. విప్పితే శిక్ష. ఆనాడు మన అడుగుల ఆనవాలు చెరిపేయాలన్నారు. ఈనాడు ప్రతి అడుగూ లెక్కపెడతామంటున్నారు. రెండు చోట్లా అడుగు మీద అధికారం మనది కాదు.

అధికారుల వాదన కూడా వినాలి. బినామీ మస్టర్లు ఎక్కువయ్యాయి, లేని మనుషుల పేర్ల మీద జీతాలు తీస్తున్నారు, అందుకే ఈ ఏర్పాటు అంటారు. మస్టర్లలో దొంగ పేర్లు ఉన్న మాట అబద్ధం కాదు. మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ ఆ పేర్లు రాసింది ఎవరు? చీపురు పట్టుకున్న మనిషా, మస్టరు పుస్తకం పట్టుకున్న మనిషా? లేని నలుగురి పని కూడా ఉన్న ఇద్దరి నెత్తిన పడింది. అంటే ఆ మోసంలో నష్టపోయింది కార్మికులే. దొంగతనం పుస్తకంలో జరిగితే కాపలా చీపురుకు పెట్టారు. కాంట్రాక్టరు పీఎఫ్ కట్టాడా, జీతం ఏ తేదీన వేశాడు, గ్లౌజులు, బూట్లు ఎన్ని జతలు కొన్నట్టు బిల్లు పెట్టి ఎన్ని జతలు ఇచ్చాడు అన్నది చూపించే తెర ఏ కంట్రోల్ రూములోనూ నాకు కనిపించలేదు.

హైదరాబాద్‌లో వాచీ లేకపోయినా ఇదే దారి కనిపిస్తుంది. జీహెచ్ఎంసీలో ముందు వేలిముద్రల మిషన్లు వచ్చాయి. 2024లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫోటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చోట ఆ ఫోటో ఎక్కక కూలీ పోయిన బాధలు మీరు వినే ఉంటారు. పరికరం మారుతోంది. ఎవరి ముందు పెట్టాలి అనే నిర్ణయం మారడం లేదు.

మా అమ్మను ఒకసారి అడిగాను, నీ చేతికి అలాంటి వాచీ కడితే ఏమంటావు అని. కాసేపు ఆలోచించి ఇలా అంది: "నేను ఎన్నింటికి వచ్చానో, ఎన్నింటికి పోయానో అందులో ఉంటదా? ఉంటే నాకూ చూపించమను. పోయిన నెల నాలుగు రోజులు రాలేదని కోశారు. నేను రోజూ పోయాను." నేను చదివిన నిఘా సిద్ధాంతాల్లో ఎక్కడా నాకు ఇంత సూటిగా ఈ విషయం దొరకలేదు. ఆమె యంత్రాన్ని వద్దనలేదు. అందులో ఉన్నది తనకూ చూపించమంది. రుజువు తన చేతికి ఉండి కూడా తన చేతిలో లేకపోవడం, అసలు సమస్య అదే.

గడియారం కార్మికుడికి ఎప్పుడూ శత్రువు కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించిన సవరణ చట్టం 1946లో వచ్చింది. గంట కొట్టాక కార్మికుడి సమయం కార్మికుడిదే అని చెప్పే హక్కు అది. పనిగంటలకు హద్దు ఉంటే గడియారం కార్మికుడి తరఫున సాక్ష్యం చెబుతుంది. ఆ హద్దు లేకపోతే యజమాని తరఫున చెబుతుంది. వాచీని ఇంటికి తీసుకుపోయి ఛార్జింగ్ పెట్టుకోమన్నప్పుడు ఆ హద్దు చెరిగిపోయింది. కరెంటు బిల్లు కూడా కార్మికుడిదే, అది వేరే సంగతి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తాను. మ్యాన్‌హోల్.

మురుగు కాలువలో మనిషిని చంపేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగి 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ఇక ఫర్వాలేదు అని మనిషి అనుకునే సమయానికే ప్రాణం మీదికి వస్తుంది. ముందు దిగినవాడు పడిపోతే, వాడిని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు అందుకే వస్తాయి.

దీనికీ ఒక వేరబుల్ ఉంది. చొక్కా జేబుకో భుజానికో తగిలించుకునే చిన్న గ్యాస్ మానిటర్. నాలుగు కొలతలు తీస్తుంది: హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు, ఆక్సిజన్. ప్రమాదం రాగానే మోగుతుంది, వెలుగుతుంది, వణుకుతుంది. చమురు శుద్ధి కర్మాగారాల్లో, రసాయన ఫ్యాక్టరీల్లో ఇది మామూలు వస్తువు. కొత్త కనిపెట్టుడు కాదు. అంతేకాదు, 2013 చట్టం కింద చేసిన నిబంధనల్లో యజమాని ఇవ్వాల్సిన రక్షణ సామగ్రి జాబితా ఉంది. అందులో నాలుగు వాయువుల గ్యాస్ మానిటర్ అని రాసే ఉంది. అంటే చట్టం తప్పనిసరి చేసిన వేరబుల్ ఇది. ఏ చట్టమూ అడగని వాచీ వచ్చింది. చట్టం అడిగిన మానిటర్ రాలేదు.

2019 నుంచి 2023 దాకా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వాచీలు కట్టిన సంవత్సరాలు కూడా అవే. 2025 జులైలో లోక్‌సభ ముందుకు మరో లెక్క వచ్చింది. 2022, 2023లలో జరిగిన మరణాల్లో 54 మంది సంగతి సామాజిక తనిఖీలో పరిశీలించారు. అందులో 49 మందికి ఎలాంటి రక్షణ సామగ్రీ లేదు. 38 మందిని విడిగా కూలికి పిలిచి దించారు. ఆ 38 మంది ఏ కంట్రోల్ రూము తెర మీదా చుక్కలు కారు. పైన రోడ్డు ఊడ్చే మనిషి పది నిమిషాలు కనబడకపోతే యంత్రం అరుస్తుంది. కింద గుంతలో మనిషి శాశ్వతంగా కనబడకుండా పోతే ఏ యంత్రమూ మోగదు.

మానిటర్ ఇస్తే చాలు, దిగొచ్చు అని నేను అనడం లేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలో పుట్టారు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆ ఉద్యమం చెప్పేది ఒకటే, మనిషి గుంతలోకి దిగకూడదు. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి జరిగిన మరణాలకు 10 లక్షల చొప్పున పరిహారం ఇవ్వమంది ఆ ఆందోళన్ వేసిన కేసులోనే. 2023 అక్టోబరులో కోర్టు మరో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది. దిగడం ఆగలేదు.

యంత్రం సరైన చోట పెట్టడం మనకు చేతకాని పనేం కాదు. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి పోగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి చేసిన పని అది. వాహనం యజమానులూ మనవాళ్లే. మరణాలు పూర్తిగా ఆగాయని చెప్పలేం. కానీ యంత్రాన్ని మనిషి చేతికి కట్టకుండా, మనిషి బదులు గుంతలోకి దించాలన్న ఆలోచన అందులో ఉంది.

ఇక ఆరోగ్యం చెప్పే వాచీల గురించి ఒక మాట. లైటుతో చర్మం గుండా చూసే ఏ పరికరానికైనా చర్మం రంగు ఒక సమస్య. మెలనిన్ ఆ లైటును కొంత పీల్చుకుంటుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆసుపత్రుల్లో వేలికి పెట్టే ఆక్సిమీటర్ బాగానే ఉందని చూపించిన రోగుల్లో, రక్తంలో నిజానికి ఆక్సిజన్ పడిపోయినవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. కోవిడ్ కాలంలో ఆ అంకెను నమ్మే మనం ఆసుపత్రికి పోవాలా వద్దా తేల్చుకున్నాం. స్మార్ట్‌వాచీలు చెప్పే గుండె వేగం విషయంలో పరిశోధనలు అన్నీ ఒకే మాట చెప్పడం లేదు. చర్మం రంగు వల్ల పెద్ద తేడా రాలేదన్న అధ్యయనం కూడా ఉంది. అందుకే నేను చెప్పేది ఇంతే. ఎవరి ఒంటి మీద పరీక్షించి ఈ అంకెలు ఇస్తున్నారు అని ప్రతి కంపెనీని అడగాలి. ఎండలో పనిచేసి కమిలిన చర్మం, రక్తహీనత ఉన్న ఒళ్లు, సగం నిద్ర, ఇవి వాళ్ల పరీక్షల్లో ఉన్నాయా? లేకపోతే ఆ వాచీ చెప్పే 'మామూలు' ఎవరి మామూలు?

చట్టం ఏం చెబుతోంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ హక్కు ఫోన్ ఉన్నవాడికే కాదు, చీపురు ఉన్నవాడికి కూడా. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో సమ్మతి గురించి చాలా ఉంది. కానీ ఏడో సెక్షన్‌లో ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటు యజమానికి. రోజువారీ కూలికి, ఔట్‌సోర్సింగ్ మనిషికి ఆ సెక్షన్ అంటే ఏమిటో ఊహించండి. యూరప్‌లో పనిచోట మనిషి భావోద్వేగాలను యంత్రంతో పసిగట్టడాన్ని, వైద్యం, భద్రత వంటి అవసరాలకు తప్ప, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. గీత ఎక్కడ గీయాలో ఆలోచించే దేశాలు ఉన్నాయని చెప్పడానికే ఇది చెబుతున్నాను.

మరి మనం ఏం చేయాలి? నావి కొన్ని ప్రతిపాదనలు. కార్మిక సంఘంతో మాట్లాడకుండా, రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ యంత్రమూ ఒంటికి కట్టకూడదు. కడితే అందులోని ప్రతి వివరం కార్మికుడికి తన భాషలో కనిపించాలి. జీతం కోతకు యంత్రం లెక్క ఒక్కటే ఆధారం కాకూడదు. పని గంటలు దాటాక అది ఆగిపోవాలి. మైకు, కెమెరా అసలే వద్దు. ఎండ, విషవాయువు, బరువు వంటి ప్రమాదాలను కొలిచే యంత్రాలకు డబ్బు ముందు కేటాయించాలి, హాజరు యంత్రాలకు తర్వాత చూద్దాం.

ఇక్కడ ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. మీ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్నారు కదా. కార్మికురాలి దగ్గరే ఉండి, ఆమె పనిగంటలు ఆమె ఫోన్‌లోనే దాచి, నెలాఖరున కాంట్రాక్టరు లెక్కతో పోల్చి చూపించే చిన్న పరికరం చేయండి. పెద్ద కష్టం కాదు. కంపెనీలు అది చేయవు, ఎందుకంటే కొనేవాడు కాంట్రాక్టరు కాదు. లా చదివేవాళ్లు ఆ ఏడో సెక్షన్ మీద కూర్చోండి.

చివరగా, ఇంటికి పోయాక చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఊరి మున్సిపాలిటీకి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు. పారిశుద్ధ్య కార్మికుల హాజరుకు ఏ యంత్రాలు, ఏ యాప్‌లు వాడుతున్నారు? వాటికి ఏడాదికి ఎంత ఖర్చు? ఆ సమాచారం ఏ కంపెనీ సర్వర్లలో, ఎంతకాలం ఉంటుంది? వాటి ఆధారంగా ఎంతమందికి ఎంత జీతం కోశారు? అదే ఏడాది గ్యాస్ మానిటర్లు ఎన్ని కొన్నారు? ఐదు ప్రశ్నలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబులన్నీ ఒకచోట పెట్టుకుని మళ్లీ కూర్చుందాం. అప్పుడు మాట్లాడాల్సింది నేను కాదు, మస్టర్ పాయింట్ దగ్గర నిలబడే అక్కలూ అన్నలూ. వాళ్లను ఈ వేదిక మీదికి పిలుద్దాం.

జై భీమ్.